చెమటయు విసనకఱ్ఱయు



ఒకానొక వేసవి సెలవులలో మా మనుమఁడు నెల్లూరినుండి కొండాపురమునకు వచ్చుచుఁ దన సైకిలును, దానితోఁగూడ నొక యినుప చట్టమును దెచ్చెను. వెనుక చక్రమును ఆ చట్టములో బిగించినచో బండి యున్నచోటనే యుండును. ఎక్కినవాఁడు మాత్రము ఎంతసేపైనను త్రొక్కవచ్చును. రోడ్డుమీఁద నెండ మెండుగా నున్నదని వాఁడు దానిని మా గింజలకొట్టులోఁ బెట్టి, తలుపు మూసికొని, ముప్పావుగంట త్రొక్కెను. తలుపు తీసి చూచునప్పటికి బండి క్రింద నేల తడిసియున్నది. దిగిన మనుమఁడు గోడ పట్టుకొని కూలఁబడెను. ముఖముమీఁద నీళ్లు చల్లి, విసరి, ఉప్పువేసిన మజ్జిగ త్రాగించిన పిదపఁ దేఱుకొని, "తాతయ్యా, ఇదే సైకిలుమీఁద నెల్లూరినుండి కోవూరు పోయి వచ్చినను నాకిట్లు కాలేదు. నీడలోఁ ద్రొక్కితే ఇట్లయినదేమి?" అని యడిగెను.

ఆ ప్రశ్న చిన్నది కాదు. ఒకచోట నిలిచి పాటుపడువాని దేహము చల్లఁబడు టెట్లు? ఆ చల్లదనము ఎవరికి దొరకెను, ఎవరికి దొరకలేదు? దీనికొక చరిత్ర కలదు. దానినే నేఁడు మనవి చేయుచున్నాను.

మొదట దేహముమాట. మనిషి కండలు చేయు పనిలోఁ బండిని త్రోయుటకు వినియోగపడునది సుమారు నాలుగవ పాలు. తక్కిన మూఁడుపాళ్లును వేడియై దేహములోనే నిలుచును. సైకిలుమీఁద 100 వాట్ల పని చేయువానిలో 300 వాట్లకుఁ దక్కువ గాని వేడి పుట్టును. ఆ వేడిని చెమట యొక్కటియే తీసివేయవలసివచ్చినచో, గంటకు ఇంచుమించు అరలీటరు చెమట ఆవిరి కావలెను. ఆవిరి కావలెనని నొక్కి చెప్పుచున్నాను. కారి నేలఁబడిన చెమట దేహమును చల్లఁబఱుపదు; అది వట్టి నష్టము. మా కొట్టులో నేలమీఁది మడుగు అట్టి నష్టమే.

ఈ సంగతి మన యిండ్లలోని యాఁడువారికిఁ దెలియనిది కాదు. క్రొత్త కుండ చెమర్చినఁగాని నీరు చల్లఁబడదని వారెఱుఁగుదురు. ఆ కుండను మూలగదిలోఁ బెట్టక గాలి వీచు దారిలో, వసారాలో, ఇసుక తిన్నెమీఁదఁ బెట్టుదురు. మూలగదిలోని కుండ చుట్టును తడిగాలి కదలక నిలుచును; ఇఁక మీఁద నావిరి యెక్కుటకుఁ జోటుండదు. రోడ్డుమీఁది సైకిలువాఁడు గాలి దారిలోని కుండవంటివాఁడు. గంటకు 20 కిలోమీటర్లు పోవువానికి, ఆకు కదలని దినమునఁగూడ, గంటకు 20 కిలోమీటర్ల గాలి తన బండియే పుట్టించి యిచ్చును. గదిలోని వాఁడు మూలనున్న కుండ. త్రొక్కుట యొక్కటే, గాలి మాత్రము లేదు.

కుండకుఁ దెలిసిన యీ విషయమును మనిషి దేహమునకుఁ జేర్చి వ్రాసినవారిలో అమెరికా దేశస్థుఁడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ముఖ్యుఁడు. ఆయన 1758లో జాన్ లైనింగ్ అను వైద్యునకు వ్రాసిన జాబులో, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలోఁ దాము చేసిన యొక పరీక్షను వర్ణించెను. ఉష్ణమాపకపు గుండును ఈథరు అను త్వరగా ఆవిరియగు ద్రవముతో మాటిమాటికి తడుపుచు, కొలిమితిత్తితో గాలి యూఁదగా, ఆ గుండుమీఁద మంచు కట్టినది. అదే జాబులో ఆయన పెన్సిల్వేనియా చేలలో మండుటెండలోఁ గోఁతకోయు కూలీలను తలంచెను. చెమట పోయుచున్నంతకాలము, దానికిఁ దగినట్లు త్రాగుచున్నంతకాలము వారు పనిలో నిలుతురనియు, చెమట యాఁగినచోఁ బడిపోదురనియు, ఒక్కొక్కఁడు చచ్చుటయుఁ గలదనియు వ్రాసెను. మన మెట్టచేలలో కోఁత కోసినవారికి ఈ జాబును ఎవరును చదివి వినిపింపనక్కఱలేదు.

తరువాత 1774లో లండనునగరమున చార్లెస్ బ్లాగ్డెన్ అను వైద్యుఁడును ఆయన మిత్రులును నీరు మరుఁగు వేఁడిమికి మించిన గదిలోఁ బ్రవేశించి, కొన్ని నిమిషములుండి, క్షేమముగా వెలుపలికి వచ్చిరి. అదే గదిలోఁ బెట్టిన గ్రుడ్లు గట్టిపడినవి, మాంసఖండము ఉడికినది. అందు మనకుఁ గావలసిన సంగతి యొకటి యున్నది. మొదటి ఖండము 47 నిమిషములకు ఎండిపోవునంతగా ఉడికినది. మఱియొకదానిపైఁ దిత్తితో గాలి యూఁదగా అది 13 నిమిషములకే చాలవఱకు ఉడికినది. గాలి యెల్లప్పుడును మిత్రము కాదు. చెమట గలవానికి గాలి చల్లదనము నిచ్చును. తడిలేనిదానికి వేడిగాలి నిప్పువంటిది. ఈ భేదమును మఱవకుఁడు; దీనితో ముందు పని యున్నది.

ఇఁక మన దేశపుమాట. వాగ్భటుని అష్టాంగహృదయము దినచర్య చెప్పుచోట, బలవంతుఁడు సైతము తన శక్తిలో సగము మాత్రమే వ్యాయామమునకు వినియోగింపవలెననియు, అదియు చలికాలమందు వసంతమందు మాత్రమేననియు, తక్కిన ఋతువులలో మందముగాఁ జేయవలెననియు విధించినది. గ్రీష్మచర్యలోనైతే వ్యాయామమును, ఎండను రెంటిని విడువుమనియే చెప్పినది. నీటితుంపరలు చిలుకు విసనకఱ్ఱలను, తాళవృంతములను వర్ణించినది. సగము శక్తి యనఁగా నెంత? సుశ్రుతుఁడు దీనికి గుర్తు చెప్పెను: హృదయస్థానమందలి వాయువు నోటికి వచ్చినపుడు, అనఁగా నోటితో నూపిరి తీయవలసివచ్చినపుడు, సగము బలము వ్యయమైనదని యెఱుఁగవలెను. గడియారము, కొలపాత్ర లేని యీ కొలత నాకు మిక్కిలి నచ్చినది. మా మనుమని చేతికిఁ గట్టిన యంత్రము వాని నాడి నిమిషమునకెన్నిమాఱులు కొట్టుకొనుచున్నదో చెప్పినది గాని, వాఁడు దిగవలసినదని చెప్పలేదు.

వట్టివేళ్ల తడికలకు నీళ్లు చల్లి గాలిని చల్లఁబఱచు పద్ధతిని అక్బరుకాలపు ఐన్-ఎ-అక్బరీ గ్రంథము పేర్కొన్నది. మన ప్రాంతమున దానికి రాజవైభవ మక్కఱలేదు. తాటాకు పందిరి, తడిగోనె చాలును. ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో గైకొనెను. కొండక్రింద సేనతో వేసవి గడపిన యా రాజు పిదప రచించిన ఆముక్తమాల్యదలో గ్రీష్మవర్ణనమును, చలిపందిళ్లలో నీరు పోయు స్త్రీలను మీలో పలువురు చదివియుందురు. ఆ యెండ ఉదయగిరి యెండయేయని నేను తలఁచుచుందును. ఇందుకుఁ బ్రమాణము చూపలేను. స్వస్థలాభిమాన మని క్షమింపుఁడు.

ఒకచోటనే నిలిచి కాళ్లతోఁ బాటుపడుట మనకుఁ గ్రొత్తకాదు. ఏతమును జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. నూతిగట్టున ఏతపుమానుమీఁద నొకఁడు ముందునకు వెనుకకు నడచుచుండఁగా, క్రింద నింకొకఁడు బాన ముంచి పోయుచుండును. మ్రానెక్కినవాఁడు రోజంతయు నడచినను ఊరు దాటఁడు. ఐనను వానికిఁ బైన ఆకాశమున్నది, పంటచేని గాలి యున్నది, ప్రక్కనే నీళ్లున్నవి. అన్నిటికంటె మేలు, కోడి కూయకముందే పని మొదలుపెట్టి యెండ ముదురునప్పటికి దిగు వాడుక యున్నది.

ఏతము త్రొక్కువానికిఁ గలిగిన యీ సౌకర్యమేదియు లేనివాఁడు పంకా లాగువాఁడు. కచ్చేరీలలోను, దొరల బంగళాలలోను, చర్చిలలోను పైకప్పునుండి వ్రేలాడు పెద్ద గుడ్డపంకాకుఁ గట్టిన త్రాటిని గోడరంధ్రముగుండ వెలుపలి వసారాలోనికిఁ దెచ్చెడివారు. అక్కడఁ గూర్చుండి చేతితోనో, కాలిబొటనవ్రేలికిఁ గట్టికొనియో రాత్రింబవళ్లు లాగువాఁడొకఁడు. గాలి లోపలివారికి, చెమట వెలుపలివానికి. వాఁడు కునికినచోఁ దన్నులు. ఆ తన్నులకుఁ బ్రాణము విడిచిన కూలీలు ఉన్నారు. విచారణలోఁ "బ్లీహ మదివఱకే ఉబ్బియున్నది, అందుచేతఁ బగిలినది" యని వాదించి తక్కువ శిక్షతో బయటపడిన దొరల యుదంతములు పందొమ్మిదవ శతాబ్ది చరిత్రలోఁ గలవు. చల్లదనపు చరిత్రను వ్రాయువారు విసనకఱ్ఱ విసరించుకొన్నవారి చిత్రములనే వేయుదురు. విసరినవాని చిత్రము ఆ మూలనెక్కడనో యుండును. 1882లో అమెరికాలో స్కైలర్ వీలర్ అనువాఁడు విద్యుచ్ఛక్తితోఁ దిరుగు ఫ్యానును నిర్మించెను. ఆ రెక్కలు మన యూళ్లకు వచ్చినపుడు ఎందఱో సంతోషించిరి గాని, నిజముగా విడుదల పొందినవాఁడు ఆ త్రాడు లాగినవాఁడే.

పాశ్చాత్యులు నిలిచియుండు సైకిలునకుఁ బూర్వరూపమును 1796లోనే కల్పించిరి. లండనులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనునాతఁడు కాలుసేతుల నాడించు వ్యాయామయంత్రమునకు హక్కుపత్రమును బొందెను, అది రోగులకొఱకు. 1818లో విలియం క్యూబిట్ అను నింజనీరు చెఱసాలలకొఱకుఁ ద్రొక్కుడుచక్రమును నిర్మించెను, అది దండనకొఱకు. 1912లో మునిఁగిన టైటానిక్ ఓడయందలి వ్యాయామశాలలో నిలుకడ సైకిళ్లుండెను. అవి ధనవంతుల వినోదముకొఱకు. ఒకే పని యొకనికి మందు, ఒకనికి శిక్ష, ఒకనికి విలాసము. పనిని ఆఁపు స్వాతంత్ర్య మెవనికున్నదో వానికది వ్యాయామము.

తరువాత నీ బండి శాస్త్రజ్ఞుల చేతిలోఁ బడినది. కోపెన్‌హేగన్ నగరమున ఆగస్ట్ క్రో 1913లోఁ బని కొలుచు సైకిలును నిర్మించెను. అదే నగరమున మారియస్ నీల్సన్ 1938లోఁ బ్రకటించిన పరిశోధన యాశ్చర్యకరము. పని చేయువాని లోపలి వేఁడిమి పని పరిమాణమును బట్టి పెరుగునే గాని, గది 5 డిగ్రీలున్నను 36 డిగ్రీలున్నను దానివలన నంతగా మాఱదని ఆయన చూపెను. చెమట ఆవిరియగుచున్నంతవఱకు దేహము తన లెక్క తాను సరిచూచుకొనును. ఆ "అగుచున్నంతవఱకు" అన్నదానికి హద్దు ఎక్కడ? దానిని గనులలోని కూలీలకొఱకు జె. యస్. హాల్డేన్ 1905లోనే పరిశీలించి, ఎండమాత్ర, తేమమాత్ర గాదు, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము చూపు వేఁడిమియే ముఖ్యమని చెప్పెను. కదలని గాలిలో అది 31 డిగ్రీలు దాఁటినచో, పని చేయక ఊరకున్నవానికిఁగూడ దేహమున వేఁడిమి యెక్కసాగును. మా గింజలకొట్టులోఁ దలుపు మూసి త్రొక్కినవాఁడు తన చెమటతోనే ఆ తేమను పెంచుకొనెను.

ఇపుడు బ్లాగ్డెన్ మాంసఖండమునకు మరల వత్తము. మా ప్రాంతమున మే నెలలోఁ బడమటినుండి వీచు వడగాలి పొడిగాలి. సముద్రపుగాలి తీరమున కావలిని చల్లఁబఱచినను మాదాఁక వచ్చుట ఆలస్యము, కొన్నిదినములు రానే రాదు. అట్టి సమయమున గదిలో 40 డిగ్రీలు దాఁటినచో ఫ్యాను మాత్రమే నమ్మరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించినది. ఒంటిమీఁదఁ దడియున్ననే ఆ గాలి మేలు చేయును. ముసలివారమైన మనకుఁ జెమట తగ్గును, దాహము ఆలస్యముగాఁ దోఁచును. కావునఁ గుఱ్ఱవానికంటె మనకీ యపాయ మధికము. 2003 వేసవిలో అప్పటి ఆంధ్రప్రదేశములో మూఁడువేలకు మించిన జనము వడదెబ్బకు మరణించిరి; 2015లో పదమూఁడువందలకు మించిరి. వారిలోఁ బెక్కుమంది వృద్ధులును కూలీలును.

మోకాళ్లనొప్పులకు వైద్యుఁడు నిలుకడ సైకిలు త్రొక్కుమని చెప్పిన పెద్దలు త్రొక్కవచ్చును. వేకువన, కిటికీయెదుటఁ ద్రొక్కవలెను; ఫ్యాను ఎదురుగా, రొమ్మునకు గాలి తగులునట్లు పెట్టుకొనవలెను. మెడకుఁ దడితువాలు, ప్రక్కను కుండనీరు నుండవలెను. నోటితో నూపిరి తీయవలసి వచ్చినంతనే సుశ్రుతుని మాట విని దిగవలెను. ఎవరికైనను మాట తడఁబడి, దేహము కాలిపోవుచున్నచో, చెమట పోసినను పోయకున్నను, నీడకుఁ జేర్చి ఒడలంతయుఁ దడిపి విసరుచు, వెంటనే ఆసుపత్రికిఁ గొనిపోవలెను. తెలివిలేనివాని నోటఁ నీరు పోయరాదు.

మఱునాఁడు మా మనుమఁడు చట్టమును గింజలకొట్టునుండి తీసి వసారాలోఁ జలకుండ ప్రక్కను నిలిపెను. ఫ్యాను తీఁగ అంత దూరము రాలేదు. కోడి కూయు వేళ వాఁడు త్రొక్కుచుండఁగా నేనొక పావుగంట తాటాకు విసనకఱ్ఱతో విసరితిని. నా చేయి నొప్పి పుట్టినది. నా వీపునఁ జెమట పోసినది. వాఁడది చూచి బండి దిగి, విసనకఱ్ఱ నా చేతినుండి తీసికొని, నన్నుఁ గూర్చుండుమనెను.