చెన్నపురి ఆంధ్రవైద్యులు – మూలికకును ప్రయోగశాలకును నడుమ

చెన్నపట్టణమున తెనుగువారి చరిత్రను వ్రాయువారు వర్తకులను, ద్విభాషీలను, ముద్రాపకులను, పత్రికాధిపతులను తప్పక తలచెదరు. వైద్యులను మాత్రము పేళ్ళ పట్టికలో చేర్చి ముందునకు సాగిపోవుదురు. ఇది సరి గాదు. దేశీయవైద్యమునకును పాశ్చాత్యవైద్యమునకును నడుమ ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున దక్షిణదేశములో నడచిన వాదమునకు ఈ పట్టణమే ప్రధానరంగము. ఆ వాదమున తెనుగువా రొకప్రక్కనే గాక నడుమను గూడ నిలిచిరి. అది పండితుల వినోదమునకై జరిగిన వాదము గాదు. 1914లో మదరాసు వైద్యుల రిజిస్ట్రేషను చట్టము వచ్చిన పిదప పాశ్చాత్యవైద్యము చదివి పట్టికకెక్కినవానికే సర్కారు గుర్తింపు దక్కినది. తరతరములుగా నాడి చూచుచు వచ్చినవాడు చట్టము దృష్టిలో వైద్యుడు గాకపోయెను. ఊరూర ప్రజలకు మందిచ్చుచుండిన వాడు మాత్రము వాడే.

ఆ వైద్యుని చేతనున్న సంపద యేమి? చరకసుశ్రుతులు అందరివారు. తెనుగువానికి వానికి తోడు బసవరాజీయము, వైద్యచింతామణి అను రెండు గ్రంథములు నిత్యోపయోగములై యుండెను. బసవరాజీయమున సంస్కృతశ్లోకముల సరసనే తెనుగు యోగములుండుటచే సంస్కృతము కొద్దిగా వచ్చినవానికిని అది పనికివచ్చెడిది. వీనికిమించి వైద్యకుటుంబములలో చేతివ్రాత యోగపుస్తకములుండెడివి. తండ్రి కొడుకునకు చూపును, అల్లునికి చూపడు! ఈ గోప్యత వలన కలిగిన నష్టమును మునుముందు చూడనగును.

చెన్నపురి ఆంధ్రవైద్యులలో మొదట చెప్పదగినవారు దీవి గోపాలాచార్యులుగారు. వీరు 1872లో మచిలీపట్టణమున జన్మించి, మైసూరున ఆయుర్వేదము నభ్యసించి, చెన్నపురికి వచ్చి శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి ఆయుర్వేదవైద్యశాలలో ప్రధానవైద్యులైరి. వైశ్యప్రముఖుల ధర్మనిధి, ఆచార్యులవారి పాండిత్యము కలిసి ఆ నగరమున ఆయుర్వేదవిద్యాలయమునకు పునాది వేసెను. ప్లేగు మహామారి దక్షిణదేశమున వ్యాపించినప్పుడు వీరు హైమాది పానకమును, శతధౌత ఘృతమును ప్రయోగించి మిక్కిలి ఖ్యాతి గాంచిరి. నూరుసార్లు నీట కడిగిన నేయియే శతధౌత ఘృతము. ప్రజలు వీరిని ఆంధ్రధన్వంతరి యనిరి.

ఇచ్చట చరిత్రకారుడు ఒక్కింత నిలువవలసియున్నది. గడ్డప్లేగు సోకినవారిలో ఏ చికిత్సయు లేకున్నను నూటికి ముప్పదిమందికి తక్కువగాక బ్రతుకుదురు. కావున పానకము త్రాగి బ్రతికినవారు ఇంతమంది యనుట చాలదు. త్రాగనివారిలో బ్రతికినవా రెందరో ఆ లెక్కను దాని ప్రక్కన నుంచవలెను. ఆచార్యులవారి కీర్తికి ఇది కళంకము గాదు. ఆ కాలమున పాశ్చాత్యవైద్యులును ప్లేగు రోగికి చేయగలిగినది స్వల్పమే. 1897లో హాఫ్కిన్ బొంబాయిలో కనుగొనిన టీకా రోగము రాకుండ కొంత కాపాడెనేగాని, వచ్చినదానిని కుదుర్చు మందు 1940లలోగాని లభింపలేదు. రెండు వైద్యములకును నాడు ఆ రోగమున సామర్థ్యము సమానముగనే కొఱవడెను. అయితే ఒకటి లెక్కలు వ్రాసికొనుచుండెను.

1918లో మదరాసు ప్రభుత్వమువారు దేశీయౌషధములను పరిశీలించి నివేదింపుమని డాక్టరు ఎం. సి. కోమన్ గారిని నియమించిరి. వారు వైద్యుల నాశ్రయించి యోగములు సేకరించి, రోగుల కిచ్చి చూచి, 1920 వఱకు నివేదికలు వెలువరించిరి. కొన్ని మూలికలు గుణకారులని వారొప్పుకొనిరి. కాని వైద్యవిధానము మొత్తము మీద శాస్త్రీయము గాదని తేల్చిరి. పండితవర్గమున ఇది పెద్ద కలవరము రేపెను. గోపాలాచార్యులుగారు ఆ 1920లోనే కీర్తిశేషులైరి. మరుసటి యేట ద్రావిడవైద్యమండలియు, మదరాసు ఆయుర్వేదసభయు కలిసి కోమన్ నివేదికకు ప్రత్యుత్తరము ప్రకటించినవి.

వైద్యుల వాదమున బలమైన యంశ మొకటి కలదు. ఆయుర్వేదమున మూలిక ఒంటరిగా పనిచేయునది గాదు. దానిని శోధింపవలెను, స్వరసములతో భావన చేయవలెను, తగిన అనుపానముతో ఇయ్యవలెను. రోగి ప్రకృతిని, ఋతువును చూడవలెను. అన్నిటికంటె ముఖ్యము పథ్యము. వీనినన్నిటిని విడిచి చూర్ణమును మాత్రము ఆసుపత్రి మంచమునందలి రోగికిచ్చి, గుణము లేదనుట న్యాయమా? న్యాయము గాదు. కాని ఈ సమాధానమునందే ఒక చిక్కున్నది. మందు, అనుపానము, పథ్యము, విశ్రాంతి, వైద్యుని ఓదార్పు అన్నియు కలిసి కుదిర్చినప్పుడు, కుదిర్చిన దేదో తెలియుట యెట్లు? పరగడుపున కషాయము త్రాగి, ఉప్పు మాని, నలువది దినములు మంచముపై నున్నవానికి గుణమిచ్చినది కషాయమో విశ్రాంతియో వేరుపరచి చూపవలసిన భారము వైద్యునిదే. కోమన్ గారు వేరుపరచిన దెక్కువ, చూచినది తక్కువ. వైద్యులు చూచినది ఎక్కువ, వేరుపరచుటకు ఒప్పుకొనిరి కారు.

ఈ చిక్కును విడదీయుటకు ప్రభుత్వస్థాయిలో జరిగిన గొప్ప ప్రయత్నము 1921 అక్టోబరులో నియమింపబడిన ఉస్మాన్ సంఘము. నాటి ముఖ్యమంత్రి కాళహస్తియందు జన్మించిన పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్లు రాజాగారు. వీరు సంస్కృతజ్ఞులు, దేశీయవైద్యాభిమానులు. మహమ్మద్ ఉస్మాన్ గారు అధ్యక్షులుగా, జి. శ్రీనివాసమూర్తిగారు కార్యదర్శిగా ఆ సంఘము ప్రశ్నావళిని పంపి, వైద్యుల వాఙ్మూలములను తెనుగున, సంస్కృతమున, ఇతర దేశభాషలలో సేకరించినది. అధికారుల మందిరములలో దేశభాషా వైద్యుని మాట ఇంత విస్తారముగా నమోదైన సందర్భము అంతకుముందు అరుదు. శ్రీనివాసమూర్తిగారు స్వయముగా పాశ్చాత్యవైద్యమున పట్టము పొందినవారయ్యును, భారతీయవైద్యమునకు దాని శాస్త్రము దానికున్నదని వాదించిరి. 1923లో నివేదిక వెలువడెను. దాని ఫలితముగా ప్రభుత్వ భారతీయ వైద్యపాఠశాల నెలకొల్పబడినది. కీల్పాకులోని హైడ్ పార్కు తోట దానికి నెలవైనది. అచ్చట విద్యార్థులు త్రిదోషములతోపాటు శవచ్ఛేదనమును, శరీరధర్మశాస్త్రమును గూడ నేర్చుకొనిరి.

వేరొకచోట ఇదే సమ్మేళనము సర్కారు ఆజ్ఞ లేకుండనే ఒక వ్యక్తియందు జరిగియుండెను. ఆచంట లక్ష్మీపతిగారు 1880లో పశ్చిమగోదావరి ప్రాంతమున జన్మించి, మదరాసు వైద్యకళాశాలలో చదివి డాక్టరైరి. పిదప గోపాలాచార్యులుగారికి శిష్యులై ఆయుర్వేదము నేర్చి, 1920లో గురువుగారి నిర్యాణానంతరము ఆయుర్వేదకళాశాల భారమును వహించిరి. ఆవడిలో ఆరోగ్యాశ్రమము నెలకొల్పిరి. వీరి ధర్మపత్ని రుక్మిణీ లక్ష్మీపతిగారు 1946లో మదరాసు రాష్ట్ర ఆరోగ్యమంత్రిణి యగుట తెలిసినదే.

లక్ష్మీపతిగారి కళాశాలలో ఒక యువకుడు శారీరశాస్త్రము బోధించుచుండెను. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే ఆ యువకుడు. ఖద్దరు ధరించిన కారణమున ఆచార్యుల ఆగ్రహమునకు గురియై, వైద్యకళాశాలనుండి పెద్ద పట్టమునకు బదులు ఎల్. ఎం. ఎస్. మాత్రమే పొందిరి. ప్రభుత్వోద్యోగము లభింపలేదు. ఇరువురు సోదరులు ఎనిమిది దినముల వ్యవధిలో సంగ్రహణికి బలియైరి. ఆ వ్యాధియే సుబ్బారావుగారికిని సోకెను. ఆయనను కుదిర్చినది లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్స యని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి.

సంగ్రహణికి ఆయుర్వేదము చెప్పు చికిత్సలో పర్పటీకల్పమొకటి. ఇతరాహారమును క్రమముగా విడిచి, పాలనో మజ్జిగనో ఆధారము చేసికొని, మందు మోతాదును దినదినము హెచ్చించి మరల తగ్గింతురు. సుబ్బారావుగారి కిచ్చిన మందు ఇదియా, మరియొకటియా యన్నది ప్రధానము గాదు. ఆయన బ్రతికిరి, అది నిజము. ఆ చికిత్స ఆయన సోదరుల కందినచో వారును బ్రతికెడివారా? ఒక్క రోగి స్వస్థతనుండి దీనికి జవాబు రాదు. సంగ్రహణి కొందరిలో తనంతట తగ్గును, కొందరిలో తగ్గి తిరుగబెట్టును. ఆ వ్యాధికి కారణమేమో తాను వెదకవలెనని ఆయన అమెరికాకు వెడలిన నాడు లక్ష్మీపతిగారి ఋణము తీరలేదు, సందేహమును తీరలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆయన జీవరసాయనశాస్త్రము నభ్యసించి, ఫిస్కే గారితో కలిసి శరీరమున శక్తి నిలువయుండు పదార్థముల జాడ కనుగొనిరి. 1940లో లెడర్లే సంస్థలో చేరిరి. పాలకూరనుండి ఒక జీవపదార్థమును 1941లో వేరొక పరిశోధకబృందము గ్రహించి, లాటినున ఆకునకు గల పేరును బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. కొంచెము పదార్థము తీయుటకు టన్నులకొలది ఆకుకూర కావలసివచ్చెను! సుబ్బారావుగారి బృందము దానిని కాలేయమునుండి శుద్ధముగా తీసి, 1945 నాటికి ప్రయోగశాలలో కృత్రిమముగా నిర్మించినది. కొలది కాలముననే ఆ మందు సంగ్రహణి రోగుల రక్తహీనతను కుదుర్చుట కనబడెను. 1948లో అదే సంస్థనుండి ఆరియోమైసిన్ వెలువడెను. అది టెట్రాసైక్లీను కుటుంబమున తొలి మందు. ఆ కుటుంబపు మందును ఫోలిక్ ఆమ్లమును కలిపి ఇచ్చుటయే తరువాత ఉష్ణమండల సంగ్రహణికి చికిత్స యైనది. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో, ఏబదిమూడవ యేట, అమెరికాలోనే మరణించిరి.

ఆకులోని గుణమును ఆకు పేరుతోనే పిలిచి, దానిని తూచి, ఎన్ని మిల్లీగ్రాములకు ఎంత రక్తము వృద్ధియగునో చూపుట, ఇది మూలికావైద్యమునకు విరోధి గాదు, దాని కొఱత తీర్చినది. 1931లో కలకత్తాలో గణనాథసేన్ గారును, కార్తిక్ చంద్ర బోస్ గారును సర్పగంధి వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును గుణకారి యని ప్రకటించిరి. సేన్ గారు కవిరాజులే గాక పాశ్చాత్యవైద్యపట్టభద్రులు, అనగా వంగదేశపు లక్ష్మీపతి యనదగినవారు. 1949లో బొంబాయి వైద్యులు రుస్తుం వకీల్ గారి వ్యాసము ఆ వేరును ప్రపంచమునకెల్ల ఎఱుకపరచినది. 1952లో దానినుండి రిసర్పిన్ వేరుచేయబడెను. ఆ మందు కొందరికి తీవ్రమైన మనోవిషాదము కలిగించుట గూడ లెక్కించుటవలననే తెలిసినది. దగ్గునకు మన పెరళ్ళలో వాడు అడ్డసరపు ఆకునందలి వాసిసీనునుండి 1960లలో బ్రోమ్‌హెక్సిన్ అను మందు పుట్టెను.

ఈ కథలన్నియు మూలికకు జయముగనే ముగియవు. పచ్చకామెరలకు నేలఉసిరి పసరిచ్చుట తెనుగు తమిళ దేశములందంతట వాడుక. తమిళులు దానిని కీళానెల్లి యందురు. మదరాసు విశ్వవిద్యాలయమున త్యాగరాజన్ గారు, నోబెల్ బహుమానగ్రహీత బ్లుంబర్గ్ గారు మొదలగువారు దీర్ఘకాలముగా హెపటైటిస్ బి వైరసును మోయుచున్నవారికి దీనినిచ్చి పరీక్షించి, 1988లో ఫలితములు ప్రకటించిరి. మూలిక పుచ్చుకొనిన 37 మందిలో 22 మంది రక్తమున వైరసు చిహ్నము మాయమైనది. ఉత్తచూర్ణము పుచ్చుకొనిన 23 మందిలో ఒక్కరికే మాయమైనది. నాటి ఉత్సాహ మింతింత గాదు! కాని తరువాత ఇతరదేశములలో జరిగిన పరీక్షలలో ఆ ఫలితము మరల కనబడలేదు. ఇక సామాన్యమైన కామెర లందురా, అందు పెక్కు పసరు త్రాగినను త్రాగకున్నను కొన్ని వారములలో తగ్గునవే. పసరువైద్యుని కీర్తిలో సగము ప్రకృతిది.

ఆకు గదా, అపకార మేమున్నదన్న మాటయు నిలువదు. పాముకాటునకు మనవారు వాడు ఈశ్వరివేరునందలి ఆమ్లజాతి మూత్రపిండములను నాశము చేయునని, క్యాన్సరు కలిగించునని 1993లో బెల్జియమునుండి వచ్చిన వార్తల తరువాత స్పష్టమైనది. రెండుమూడేండ్లకుగాని బయటపడని ఇట్టి అపకారము, రోగిని ఒకసారి చూచి పంపివేయు వైద్యుని కంటబడదు.

అంగడిమందుల చరిత్ర వేరు. బొంబాయిలో 1893లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆరంభించిన అమృతాంజనము, చెన్నపురిలో కె. ఎన్. కేసరిగారి లోధ్ర, ఇవి ప్రవాసాంధ్రుల వాణిజ్యప్రతిభకు సాక్ష్యములు. ఆ లాభములతో పత్రికలు నడచినవి, పాఠశాలలు వెలసినవి. ఆంధ్రపత్రిక, గృహలక్ష్మి మన సాహిత్యమునకు చేసిన మేలు ఎరిగినవారు ఆ మందుసీసాలకు గూడ నమస్కరింపవలెను. వైద్యశాస్త్రమున వాని స్థానమెంత యన్నచో, ఆ ప్రశ్న వాని యజమానులే వేసికొనలేదు.

తమిళదేశమున స్థిరపడిన తెనుగు కుటుంబములకు మూలికావైద్యమున మరియొక చిక్కు కలిగినది. యోగము తెనుగున నుండును, పచారీ అంగడి తమిళమున నడచును. పునర్నవ యన్నచో ఒకరు అటికమామిడి యందురు, ఒకరు గలిజేరు తెత్తురు. ఇవి వేర్వేరు మొక్కలు. మొదటిది తమిళుల మూక్కిరట్టై, రెండవది శారణై. తాతగారి పుస్తకమున పునర్నవ యని మాత్రమే యున్నచో మనుమడు దేనిని నూరవలె? గోప్యత వలన యోగములు పోయినవని వెనుక సూచింపబడినది. దాచినవి పోగా మిగిలినవి ఈ పేళ్ళ గందరగోళమున చెడినవి.

కీల్పాకు పాఠశాల కాలక్రమమున కళాశాల యైనది. కాని రెండు వైద్యములు నేర్చిన విద్యార్థులు ఆధునికవైద్యపు పట్టమునే కోరసాగిరి. రెంటిని నేర్పిరేగాని, ఒకదానితో రెండవదానిని పరీక్షించు పని అచ్చట పెద్దగా సాగలేదు. 1960లో అది కీల్పాకు వైద్యకళాశాలగా మారి, పూర్తిగా పాశ్చాత్యవైద్యమునకే అంకితమైనది. ఇరు వైద్యములను తనయందు కలుపుకొనిన లక్ష్మీపతిగారు ఆ మార్పును కన్నులార చూచి, 1962లో స్వర్గస్థులైరి.