వేప పేరున్న మొక్కలు – వృక్ష కుటుంబములు

వేప, తురకవేప, కరివేప, నేలవేప – ఈ నాలుగింటికీ తెలుగువారు ఒకే ఇంటిపేరు పెట్టినారు. ఇంటిపేరు కలిసినంత మాత్రమున గోత్రము కలియనక్కరలేదని మన పెద్దలకు తెలియనిది కాదు. ఈ మొక్కల గోత్రములను తేల్చిన చరిత్రలో కొంత భాగము కోరమాండల్ తీరముననే జరిగినది.

1768లో తరంగంబాడి డేనిష్ మిషనుకు వైద్యుడుగా వచ్చిన యోహాన్ కోనిగ్, స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయసుకు ప్రత్యక్ష శిష్యుడు. 1771లో లిన్నేయసు కరివేపకు శిష్యుని పేరు చేర్చి ‘బెర్గెరా కోనిగీ’ అని నామకరణము చేసినాడు. తరువాత చాలా కాలము పాఠ్యగ్రంథములలో అది ‘ముర్రయా కోనిగీ’గా చెలామణి అయినది, ఇటీవలి శాస్త్రజ్ఞులు మరల పాత పేరుకే మొగ్గుచున్నారు. కోనిగ్ 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురములో మరణించినాడు. అంత్యదశలో ఆయనకు వైద్యము చేసినది సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బరో.

లిన్నేయసు పద్ధతి పువ్వులోని కేసరముల లెక్క. వేపకు పది, కరివేపకు పది. కనుక రెండును ఒకే తరగతిలో చేరినవి. మన పల్లెవారి మాటయే నెగ్గినట్లుండెను! కాని 1789లో పారిస్ పండితుడు ఆంట్వాన్ జుస్యూ, ఒక్క లెక్క చాలదు, అనేక లక్షణములను కలిపి కుటుంబములను నిర్ణయింపవలెనని గ్రంథము వెలువరించినాడు. ఆ మార్గమున పోగా కరివేప నిమ్మ, మారేడు, వెలగల కుటుంబములో తేలినది. లేత కరివేపాకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూచిన, నిమ్మాకులో వలెనే సన్నని తైలపు చుక్కలు కనబడును. వేపాకులో అవి లేవు. అయినను ఈ రెండు కుటుంబములు ఒకే క్రమమునకు చెందినవి, అనగా దాయాదుల వంటివి. నేలవేప మాట వేరు. దానికి ఆ పేరు తెచ్చినది చేదు ఒక్కటే. దాని బంధువు అడ్డసరము. తురకవేప మాత్రము పేరుకు తగినట్లు వేప కుటుంబములోనే ఉన్నది.

ఇక పేరులో వేప లేకుండ ఆ కుటుంబములో ఉన్న చెట్టు సోమిద. దాని బెరడు జ్వరమునకు మందుగా పనిచేయునని రాక్స్‌బరో ప్రచారము చేసి, దానిని మహాగని జాతిలో చేర్చినాడు. 1830లో జుస్యూ కుమారుడు ఆడ్రియన్ దానిని వేరుచేసి, కొత్త ప్రజాతికి లాటిను పదమును గాని గ్రీకు పదమును గాని వెదకక, తెలుగు పేరునే తీసికొని ‘సోయ్‌మిడా’ అని పెట్టినాడు.