తినే వేళకు వెల

దూర ప్రయాణాల విమానాల్లో ఖరీదైన టికెట్లు అమ్మే కంపెనీలు ఇప్పుడు వంటకాల పేర్లు చెప్పడానికి ముందే ఒక మాట ఇస్తున్నాయి: మీకు ఎప్పుడు ఆకలేస్తే అప్పుడే వడ్డిస్తాం. ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాసులో, ఎమిరేట్స్ ఫస్ట్ క్లాసులో దీని పేరు ‘డైన్ ఆన్ డిమాండ్’. ఈ కంపెనీలు నిజామాబాద్‌కు, బోధన్‌కు, ఆర్మూర్‌కు కొత్తవేమీ కావు. 1973లో చమురు ధర పెరిగిన తర్వాత మొదలైన గల్ఫ్ వలసలో ఈ జిల్లాది పెద్ద వాటా, ఆ దేశాల విమానాలెక్కని కుటుంబాన్ని ఇక్కడ వెతుక్కోవాలి. అయితే మన వాళ్లు కూర్చునేది తెరకు ఇవతల, ట్రే వచ్చినప్పుడే తినాల్సిన సీట్లలో. తెరకు అవతల జరిగే ఈ వడ్డనను ఆహార చరిత్రలో భాగంగా, రుచులు మెరుగుపడ్డ కథగా రాయడం మామూలు. నాకది సరిగా తోచదు. ప్రయాణంలో తినే వేళ ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరు దాన్ని పోగొట్టుకుంటారు, ఎవరు డబ్బిచ్చి తిరిగి కొనుక్కుంటారు అన్నదే దీని అసలు చరిత్ర. వంటకాలు దాని వెనక నడిచాయి.

ఆ చరిత్రకు మన దగ్గరి మొదలు రైలు. 1899, 1901 మధ్య హైదరాబాద్ నుంచి మన్మాడ్‌కు గోదావరి లోయ మీదుగా మీటర్ గేజి లైను పడింది. ఇందూరుకు స్టేషన్ వచ్చింది, ఆ తర్వాత ఊరే నిజామాబాద్ అయింది. ఆ కాలపు రైల్వేల్లో ఒక విచిత్రం కనిపిస్తుంది. మూడో తరగతిలో సద్ది మూట కట్టుకొని ఎక్కినవాడు ఆకలైనప్పుడు మూట విప్పుకొని తినేవాడు. మొదటి తరగతి దొరకు ఆ వీలు లేదు. ఆయన భోజనం ఫలానా స్టేషన్‌లోని రిఫ్రెష్‌మెంట్ రూములో, బండి ఆగినంత సేపట్లో ముగియాలి. గార్డు ముందు స్టేషన్‌లోనే ఎవరెవరికి భోజనం కావాలో అడిగి టెలిగ్రాం కొట్టించేవాడు, బండి చేరేసరికి పళ్లేలు సిద్ధం. బోగీకి బోగీకి మధ్య లోపలి దారి లేని రోజుల్లో డైనింగ్ కారున్నా ఇబ్బందే. ఒక స్టేషన్‌లో దిగి అందులో ఎక్కాలి, తిన్నాక మరో స్టేషన్ వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. అంటే డబ్బున్నవాడు కొనుక్కున్నది మంచి పళ్లెం, పోగొట్టుకున్నది తన వేళ. గార్డు టెలిగ్రాంను నేటి ముందస్తు ఆర్డర్లకు తాత అనుకుంటే తప్పులేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 1998లో ‘బుక్ ద కుక్’ పేరుతో మొదలుపెట్టింది, స్థూలంగా చూస్తే, ఆ పనే. ఏం తినాలో ముందే చెప్పవచ్చు.

బోధన్‌లో ఇదే సంగతి ఇంకో రూపంలో నడిచింది. నిజాంసాగర్ నీళ్లతో చెరకు పెరిగి, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిశాక, క్రషింగ్ సీజన్‌లో రాత్రీ పగలూ తేడా లేకుండా పోయింది. షిఫ్టు మనిషికి అన్నం వేళ షిఫ్టే చెప్పింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడేదాకా అదే లెక్క. యంత్రం ఆగకూడదన్న చోట మనిషి ఆకలి దానికి సర్దుకుంటుంది. విమానం కూడా అలాంటి యంత్రమే. హైదరాబాద్ సంస్థానంలో విమానాలు రైలు ఇంట్లోనే పుట్టాయి కూడా: టాటాలతో కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో పెద్ద వాటా నిజాం స్టేట్ రైల్వేదే.

విమానంలో భోజనం 1919లో లండన్–పారిస్ మార్గంలో మూడు షిల్లింగుల డబ్బాతో మొదలైంది. చాలాకాలం దూరప్రయాణికులు దిగిన ఊళ్లోనే తిన్నారు, పడుకున్నారు. 1936లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ నేల మీద విమానాల కోసమే వంటశాల పెట్టాక భోజనం పైకెక్కింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టికెట్ ధరలను విమాన కంపెనీల సంఘం ఐఏటీఏ నిర్ణయించేది కాబట్టి కంపెనీలు ధరలో పోటీ పడలేక పళ్లెంలో పోటీ పడ్డాయి. ఎంతదాకా అంటే, 1958లో అట్లాంటిక్ మీద కొత్తగా వచ్చిన ఎకానమీ తరగతికి శాండ్‌విచ్ తప్ప పెట్టకూడదని నియమం చేశారు. స్కాండినేవియన్ కంపెనీ ఎస్‌ఏఎస్ రొట్టె ముక్క మీద మాంసాలు, చేపలు గుట్టగా పేర్చి ఇదీ శాండ్‌విచ్చేనంది, జరిమానా కట్టింది. పేద ప్రయాణికుడి రొట్టె మీద ఏముండాలో తేల్చడానికి ఇంత పంచాయితీ జరిగింది! 1948 జూన్‌లో బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్ వెళ్లిన ఎయిర్ ఇండియా తొలి విమానం నుంచి 1971 జంబో జెట్ దాకా మన మహారాజా వైభవమూ ఈ పళ్లెపు పోటీలో భాగమే. ఎన్ని వెండి గిన్నెలు పెట్టినా వడ్డన మాత్రం సిబ్బంది చెప్పిన వేళకే.

వేళ మీద పోటీని తెచ్చింది వంటవాళ్లు కాదు, పడక. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 1990ల నడుమ ఫస్ట్ క్లాసులో, 2000లో బిజినెస్ క్లాసులో పూర్తిగా చదునుగా పరుచుకునే పడక తెచ్చింది, మిగతావాళ్లు అదే దారి పట్టారు. నిద్రను అమ్మినవాడు అర్ధరాత్రి ట్రేతో లేపితే సరుకు తానే చెడగొట్టుకున్నట్టు. ప్రయాణం ఎంత పొడవైతే చిక్కు అంత పెరిగింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా నడిపినటువంటి విమానంలో పదహారు గంటలకు పైగా కూర్చున్న మనిషికి ఆకలి ఏ ఊరి గడియారం ప్రకారం వేయాలి? ఎక్కగానే ఒక భోజనం, దిగబోయే ముందు ఒకటి అన్న పాత పద్ధతి ఆ రెండు ఊళ్లలో దేనికీ సరిపడదు.

రుచి కోసమే కదా ఇదంతా అనేవాళ్లకు విమానంలోని వంటగది, అంటే గ్యాలీ వైపు ఒకసారి చూడమంటాను. అక్కడ పొయ్యి లేదు, మంట లేదు. వంట నేల మీదే ముగిసి, అయిదు డిగ్రీల లోపు చల్లబడి, మూతపెట్టిన గిన్నెల్లో వరసగా ఎక్కుతుంది. పైన జరిగేది ఓవెన్‌లో సుమారు ఇరవై నిమిషాలు వేడిచేసి పింగాణీలో అందంగా సర్దడం. పైగా లోపలి గాలి సుమారు ఎనిమిది వేల అడుగుల ఎత్తుకు సమానమైన ఒత్తిడిలో, పొడిగా ఉంటుంది. లుఫ్తాన్సా కోసం ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2010లో చేసిన పరిశీలనలో ఉప్పు 20 నుంచి 30 శాతం, తీపి 15 నుంచి 20 శాతం తక్కువగా తెలుస్తుందని తేలింది. బోధన్ చక్కెరైనా అక్కడ చప్పబడాల్సిందే. అదే గిన్నె, అదే ఓవెన్, అదే మొద్దుబారిన నాలుక. ముందు వరసలో, వెనక వరసలో పదార్థం తేడా ఉంటుంది, నిజమే. కానీ వేల రూపాయల తేడాను పదార్థం ఒక్కటే మోయలేదు.

ఇదంతా ప్రకటన మాయేనని, ఉన్న నాలుగు ఓవెన్లతో అందరికీ అడిగినప్పుడు పెట్టడం కుదరదని ఇంకో ఆక్షేపణ. సగం ఒప్పుకోవాలి. ముప్పై నలభై మంది ఒకే నిమిషంలో బెల్లు నొక్కితే ఏర్పాటు కుప్పకూలుతుంది. అలా నొక్కరన్న నమ్మకం మీదే అది నడుస్తుంది: ఒకరు నిద్రలో, ఒకరు సినిమాలో, ఒకరు లాంజ్‌లోనే తినేసి వచ్చారు. బ్యాంకు కూడా డిపాజిటర్లంతా ఒకేసారి రారన్న ధైర్యంతోనే కదా తలుపు తెరిచేది. వృథా గురించిన అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఎవరు ఏది ఎప్పుడు అడుగుతారో తెలియదు కనుక అదనంగా ఎక్కించాలి, మిగిలింది దిగాక పారేయాలి. విమానాల్లో పోగయ్యే చెత్తలో ఐదో వంతుకు పైగా ముట్టని తిండి, పానీయాలేనని ఐఏటీఏ లెక్క. ముందే అడిగి ఎక్కించడం, అసలు భోజనం వద్దనే వీలివ్వడం దీనికి విరుగుడు. జపాన్ ఎయిర్‌లైన్స్ 2020 నుంచి ఆ రెండో దారి ప్రయత్నించింది.

ఇక మన వైపు సీట్లు. నిజామాబాద్ నుంచి పొద్దుగూకే వేళ కారు మాట్లాడుకొని బయల్దేరి, దారిలో ఏ కామారెడ్డి దగ్గరో తిని, మూడు గంటల ముందే శంషాబాద్ చేరి, తెల్లవారుజాము విమానం ఎక్కిన కూలీకి, కాస్త కన్నంటుకోగానే ట్రే ముందుకొస్తుంది. వద్దంటే మళ్లీ రాదు. నిద్రకూ ఆకలికీ మధ్య ఎంచుకునే అవసరం ఆ విమానంలో అందరికన్నా అతనికే ఎక్కువ. రెండు వందల మందికి వేళ ఇవ్వడం అసాధ్యమని కంపెనీల జవాబు. అయితే రంజాన్ నెలలో అదే విమానాల్లో ఏం జరుగుతుందో బోధన్ వాళ్లను అడగాలి. ఎమిరేట్స్ ఉపవాసమున్నవాళ్లకు తరగతి తేడా లేకుండా ఇఫ్తార్ పెట్టె ఇస్తుంది. విమానం ఉన్న ఎత్తు, అక్షాంశ రేఖాంశాలు చూసి సూర్యాస్తమయం లెక్కగట్టి కెప్టెన్ ప్రకటిస్తాడు. వేడిచేయనక్కర్లేని పెట్టె కనుక అది సాధ్యమైందంటారు. సరే, అదే పెట్టె నిద్రపోతున్నవాడి కోసం పక్కన పెట్టడానికి అడ్డేమిటి? ఇరవై నాలుగు గంటల ముందు హిందూ మీల్ అనో, వెజ్ మీల్ అనో చెప్పినవాళ్లకు వడ్డించే ట్రాలీ కదలకముందే ట్రే అందుతుంది, తెలిసినవాళ్లు ఎకానమీలో వాడుకునే చిన్న చిట్కా అది. 2018లో ఎమిరేట్స్ హిందూ మీల్ తీసేస్తామని చెప్పి, ప్రయాణికుల నిరసన చూసి ఒక్కరోజులోనే వెనక్కి తగ్గింది. అడిగేవాళ్లుంటే వీలవుతుందన్నమాట.

చవక విమానాల సంగతి మరీ తమాషా. భోజనం టికెట్‌లో కలవని చోట కప్పు నూడుల్స్ కావలసినప్పుడు బెల్లు నొక్కి కొనుక్కోవచ్చు, అంటే వేళ అత్యంత ఖరీదైన సీటులోనూ ఉంది, అత్యంత చవక సీటులోనూ ఉంది, నడుమ ట్రేల తరగతిలోనే లేదు. నూనె తేలే పచ్చడిని చేతిసంచిలో రానివ్వరు కానీ సకినాలకు, అప్పాలకు సెక్యూరిటీ దగ్గర అడ్డు లేదు. ఇంట్లో కట్టిచ్చిన ఆ పొట్లాన్ని ఏ మేఘం మీద విప్పాలన్నది పూర్తిగా ప్రయాణికుడి ఇష్టం, దానికి కంపెనీ ఇంకా ధర కట్టలేదు.