రాజు మేడ అనుకున్న దిబ్బ

కోతలు అయిపోయి రెండు రోజులు తీరిక దొరికితే నేలకొండపల్లి పోయి రండి. మన పాల్వంచ నుంచి ఖమ్మం చేరి, అక్కడి నుంచి ఇంకో 20 కిలోమీటర్ల పైచిలుకు.

అక్కడి మట్టిదిబ్బను మన పెద్దలు విరాటరాజు దిబ్బ అనేవాళ్లు. పాండవులు అజ్ఞాతవాసం చేసిన చోటు అదేనని నమ్మకం. తవ్వి చూస్తే రాజు మేడ కాదు, ఇటుకలతో కట్టిన పెద్ద బౌద్ధ స్తూపం బయటపడ్డది. భిక్షువులు ఉన్న విహారాల గోడలు, నీళ్ల తొట్లు, బుద్ధుడి బొమ్మలు కూడా దొరికినయి. సుమారు 1,700 ఏళ్ల నాటి సంగతి. స్తూపానికి గుడి లెక్క లోపలికి పోయే దారి ఉండదు. చుట్టూ ప్రదక్షిణ చేసి మొక్కడమే.

అదే ఊళ్లో కంచర్ల గోపన్న పుట్టిండు. మన పాల్వంచ పరగణాకు ఆయన తహశీల్దారు. ఖజానా సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించిండని తానీషా ఆయనను గోల్కొండలో ఖైదు చేయించిండు. ఆ చెరసాల ఇప్పటికీ చూపిస్తరు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచి, ఆ తానీషానే దౌలతాబాద్ కోటలో బందీ చేసిండు. గోల్కొండ రాజమహళ్లు ఇప్పుడు మొండిగోడలు. రాములవారి కల్యాణానికి మాత్రం మనం ఏటా పోతనే ఉన్నం.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, ఇట్లాంటి దిబ్బలు మన చేల పక్కనే ఉంటయి. చదును చేసేటప్పుడు పెద్ద పాత ఇటుకలో, బొమ్మలో, నాణేలో తగిలితే ట్రాక్టర్ ఆపండి. తహశీల్దారుకు చెప్పండి. భూమిలో దొరికిన పాత నిధి సంగతి సర్కారుకు తెలపాలని చట్టమే ఉంది. ఒక్కసారి మట్టి తోలేస్తే, అక్కడ ఉన్నది మేడో స్తూపమో చెప్పేటోళ్లు ఇంక ఉండరు.