లాన్ మోవర్‌కు గడ్డి సంచి: బిగించేదెలా? వాడేదెలా? ప్రమాదం ఎక్కడ?

అపార్ట్‌మెంట్ల ముందు పచ్చిక, బడి మైదానం, మున్సిపల్ పార్కు, క్రికెట్ స్టేడియం... ఇప్పుడు చాలా చోట్ల గడ్డి కోసేది యంత్రమే. కోసిన గడ్డి నేల మీద పడకుండా పట్టుకునేందుకు ఆ యంత్రానికి తగిలించే సంచినే గ్రాస్ క్యాచర్ అంటారు. గ్రాస్ బ్యాగ్, గ్రాస్ బాక్స్ అనే పేర్లు కూడా ఉన్నాయి. చూడటానికి అది చెత్తబుట్టలా కనిపిస్తుంది. కానీ బ్లేడు గిర్రున తిరిగే రోటరీ మోవర్లలో ఈ సంచి యంత్రపు రక్షణ ఏర్పాటులో ఒక భాగం. సరిగ్గా బిగించకపోయినా, చిరిగినది వాడినా, నిండగానే తీసి పక్కన పడేసి పని కొనసాగించినా ప్రమాదం తప్పదు.

గడ్డి సంచి ఎలా పనిచేస్తుంది, ఎలా బిగించాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి, కోసిన గడ్డిని ఏం చేయాలన్నది ఈ కథనంలో చూద్దాం.

సంచిలోకి గడ్డి ఎలా వెళ్తుంది?

రోటరీ మోవర్‌లో బ్లేడు నేలకు సమాంతరంగా తిరుగుతుంది. దాని వెనక అంచు కాస్త పైకి వంగి ఉంటుంది. అందువల్ల బ్లేడు కత్తిలా కోయడమే కాదు, ఫ్యాన్ రెక్కలా గాలిని కూడా తోస్తుంది. ఆ గాలికి వాలిన గడ్డి నిటారుగా లేస్తుంది, తెగుతుంది, వెనక ఉన్న ద్వారం గుండా సంచిలోకి ఎగిరిపోతుంది. గాలి బయటకు పోతేనే గడ్డి లోపల నిలుస్తుంది. సంచిని వలలాంటి గుడ్డతో కుట్టేది, ప్లాస్టిక్ డబ్బాలకు చిల్లులు పెట్టేది అందుకే.

వేగం ఎంతో ఒక లెక్క చూడండి. 46 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 3,000 సార్లు తిరిగితే దాని కొన గంటకు దాదాపు 260 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. గడ్డిలో దాగిన గులకరాయి, మేకు, తీగముక్క ఆ కొనకు తగిలితే తూటాలా దూసుకొస్తుంది. వెనక సంచి ఉంటే అందులో పడుతుంది. సంచి లేకపోతే, ద్వారాన్ని మూసే రేకు లేదా ప్లాస్టిక్ మూత దాన్ని అడ్డుకోవాలి. ఆ రెండూ లేకపోతే అది తగిలేది మోవర్ తోస్తున్న మనిషి కాళ్లకే. కాబట్టి మొదటి నియమం: సంచి అయినా ఉండాలి, మూత అయినా మూసి ఉండాలి. మూతను తీగతో పైకి కట్టేసి, సంచి లేకుండా కోయడం ఎప్పుడూ చేయకూడదు.

ఏ మోవర్‌కు ఏ సంచి?

గడ్డి కోసే యంత్రానికి 1830లో ఇంగ్లండ్‌కు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ పేటెంట్ పొందారు. అది సిలిండర్ మోవర్. మెలి తిరిగిన బ్లేడ్లు ఒక రోలర్‌లా దొర్లుతూ, కింద ఉన్న స్థిరమైన పట్టీకి ఆనించి కత్తెరలా కోస్తాయి. క్రికెట్ పిచ్‌ల మీద, గోల్ఫ్ మైదానాల్లో ఇప్పటికీ ఈ రకమే వాడతారు. వీటిలో గడ్డి డబ్బా సాధారణంగా ముందు వైపు ఉంటుంది.

ఇళ్లలో, గేటెడ్ కమ్యూనిటీల్లో ఎక్కువగా కనిపించేవి రోటరీ మోవర్లు. కరెంటు తీగతో నడిచేవి, బ్యాటరీవి, పెట్రోలువి ఉంటాయి. వీటికి సంచి వెనక వస్తుంది. పెద్ద మైదానాల కోసం కూర్చుని నడిపే రైడింగ్ మోవర్లు ఉన్నాయి. వాటికి వెనక రెండు మూడు పెద్ద సంచులు, పక్క నుంచి వాటిలోకి వెళ్లే లావుపాటి గొట్టం ఉంటాయి.

భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్ వేరే యంత్రం. దానికి సంచి ఉండదు. గడ్డిని, రాళ్లను చుట్టూ విసురుతుంది కాబట్టి ఇతరులు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి.

సంచి కొనేటప్పుడు కంపెనీ పేరు ఒక్కటే చూస్తే చాలదు, మోడల్ నంబరు కూడా సరిపోవాలి. ఒకే కంపెనీలో రెండు మోడళ్ల కొక్కేలు వేర్వేరుగా ఉండొచ్చు. దగ్గరగా ఉందని వేరే సంచిని తాడుతో కట్టి సర్దుకుంటే ద్వారానికీ సంచికీ మధ్య సందు మిగులుతుంది. రాయి బయటకు రావడానికి ఆ సందు చాలు.

బిగించే ముందు

యంత్రానికి శక్తి అందే దారిని ముందుగా తెంచాలి. స్విచ్ ఆపితే సరిపోదు.

- కరెంటు మోవర్ అయితే ప్లగ్ గోడ నుంచి తీయాలి.
- బ్యాటరీ మోవర్ అయితే బ్యాటరీ తీయాలి. తాళంలాంటి సేఫ్టీ కీ ఉంటే అదీ తీసి జేబులో వేసుకోవాలి.
- పెట్రోలు మోవర్ అయితే ఇంజిన్ ఆపి, చల్లారాక స్పార్క్ ప్లగ్ తీగను ఊడదీసి పక్కకు పెట్టాలి.

స్విచ్ వదిలాక కూడా బ్లేడు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. చేతితో తోసే మోవర్లలో హ్యాండిల్ వదిలిన 3 సెకన్లలోపు బ్లేడు ఆగాలని అమెరికాలో 1982 నుంచి నిబంధన ఉంది. పాత యంత్రాల్లో అంతకంటే ఎక్కువ సేపు పట్టొచ్చు. శబ్దం ఆగినంత మాత్రాన బ్లేడు ఆగినట్టు కాదు.

బిగించే పద్ధతి

కొత్త సంచి సాధారణంగా మడతపెట్టిన గుడ్డగా, విడి ఫ్రేముతో వస్తుంది. మోడల్‌ను బట్టి చిన్న తేడాలున్నా, వెనక సంచి ఉన్న మోవర్లలో వరస దాదాపు ఇదే.

1. ఇనుప ఫ్రేమును సంచిలోకి దూర్చండి. పట్టుకునే పిడి పైకి, గట్టి అడుగుభాగం కిందకు రావాలి.
2. సంచి అంచుకున్న ప్లాస్టిక్ క్లిప్పులను ఒక్కొక్కటిగా ఫ్రేము కడ్డీకి నొక్కండి. గుడ్డ బిగుసుగా ఉంటే పది నిమిషాలు ఎండలో పెడితే మెత్తబడుతుంది. ఒక్క క్లిప్పు కూడా వదలకూడదు.
3. మోవర్ వెనక మూతను ఎత్తండి. మల్చింగ్ ప్లగ్ అనే ప్లాస్టిక్ దిమ్మె లోపల ఉంటే తీసేయండి. అది ఉంటే గడ్డి సంచిలోకి రాదు.
4. పక్క నుంచి గడ్డి పోయే ద్వారం కూడా ఉన్న మోవర్ అయితే, ఆ ద్వారం మూసి ఉందో లేదో చూడండి.
5. సంచి కొక్కేలను రెండు వైపులా గాడిలో కూర్చోబెట్టి, మూతను సంచి మీదకు వదలండి. మూత స్ప్రింగు దానంతట అదే సంచిని ఒత్తి పట్టాలి.
6. సంచిని అటూ ఇటూ ఊపి చూడండి. ఊడినా, సందు కనిపించినా మళ్లీ మొదటి నుంచి చేయాలి.

ఇంత చేశాకే ప్లగ్ పెట్టడం, స్పార్క్ ప్లగ్ తీగ తగిలించడం.

కోసేటప్పుడు

ముందు నేల అంతా ఒకసారి నడిచి చూడాలి. రాళ్లు, కొమ్మలు, పిల్లల బొమ్మలు, సీసా పెంకులు ఏరేయాలి. నీళ్ల పైపుల మూతలు, స్ప్రింక్లర్ తలలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోవాలి. వేళ్లు మూసి ఉండే బూట్లు, పొడవాటి ప్యాంటు, కళ్లద్దాలు తప్పనిసరి. చెప్పులతో, లుంగీ మీద మోవర్ తోయడం మన దగ్గర రోజూ కనిపించే దృశ్యమే. అలా చేసేవారి పాదానికి, బ్లేడుకు మధ్య ఉండేది ఒక్క రేకే.

కరెంటు మోవర్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే సరఫరా తీసుకోవాలి. తీగ తెగి షాక్ కొట్టే పరిస్థితిలో ప్రాణం కాపాడేది అదే. సాకెట్‌కు దగ్గర నుంచి మొదలుపెట్టి దూరంగా కోసుకుంటూ వెళ్తే, తీగ ఎప్పుడూ కోసేసిన గడ్డి మీదే ఉంటుంది.

తడి గడ్డి కోయకపోవడమే మేలు. తడి గడ్డి ముద్దలుగా మారి ద్వారంలో ఇరుక్కుంటుంది, సంచి గుడ్డ రంధ్రాలను పూడ్చేస్తుంది. కాలు జారే ప్రమాదం కూడా ఉంది. వర్షాకాలంలో ఏపుగా పెరిగిన గడ్డిని ఒకేసారి నేల మట్టానికి కోయాలనుకోవద్దు. ఒక విడతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు. గడ్డి ఆరోగ్యానికీ అదే మంచిది, సంచీ త్వరగా నిండదు.

సంచి నిండిందో లేదో చెప్పే చిన్న రెక్క కొన్ని మోవర్లలో ఉంటుంది. గాలి ఆడుతుంటే పైకి లేచి ఉంటుంది, నిండితే కిందకు వాలుతుంది. అది లేని మోవర్లలో వెనక నేల మీద గడ్డి చారలు పడటమే గుర్తు. అప్పుడు ఇంజిన్ ఆపి, బ్లేడు నిలిచాకే సంచి తీయాలి. నిండిన తడి గడ్డి సంచి బరువు పది కిలోలు దాటడం మామూలే, కాబట్టి నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తాలి.

ద్వారం మూసుకుపోతే

ఎక్కువ మంది వేళ్లు పోగొట్టుకునేది ఇక్కడే. గడ్డి ఇరుక్కోగానే, మోవర్ ఆడుతుండగానే చెయ్యి పెట్టి లాగేయాలనిపిస్తుంది. ఎప్పుడూ అలా చేయకండి. ముందు చెప్పినట్టు శక్తి తెంచాలి, బ్లేడు ఆగిందని కంటితో చూసుకోవాలి, ఆ తర్వాత కర్రతో గడ్డిని తీయాలి. చెయ్యి వాడకూడదు.

సిలిండర్ మోవర్‌లో మరో తిరకాసు ఉంది. ఇరుక్కున్న పుల్ల తీయగానే, అంతసేపూ బిగిసి ఉన్న బ్లేడ్లు ఒక్కసారిగా కదులుతాయి. యంత్రం ఆపి ఉన్నా వేలు తెగుతుంది. రైడింగ్ మోవర్లలో సంచులకు గాలి తోసే ప్రత్యేక ఫ్యాన్ ఉన్న రకాలు ఉన్నాయి. ఆ ఫ్యాన్ రెక్కలు కూడా బ్లేడంత ప్రమాదకరం.

పెట్రోలు మోవర్‌ను కింద శుభ్రం చేయడానికి వంచాల్సి వస్తే, ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండేలా వంచాలి. లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌లోకి చేరుతుంది.

వాలు నేల మీద

తోసే మోవర్‌ను వాలుకు అడ్డంగా నడపాలి. కిందకు జారినా మోవర్ మీదకు రాదు, మనం దాని కిందకు పోము. రైడింగ్ మోవర్‌ను మాత్రం పైకీ కిందకీ నడపాలి, అడ్డంగా నడిపితే పల్టీ కొడుతుంది. వెనక సంచులు నిండే కొద్దీ బరువు వెనక్కి చేరి ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది. తయారీదారు చెప్పిన బరువు దిమ్మెలను ముందు వైపు బిగించేది అందుకే. 15 డిగ్రీలు మించిన వాలు మీదకు రైడింగ్ మోవర్‌ను తీసుకెళ్లొద్దని చాలా మాన్యువళ్లు చెబుతాయి.

పిల్లల విషయంలో

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంటి ముందు లాన్ కోసే పని పిల్లలకు అప్పగించడం పరిపాటి. తోసే మోవర్‌కు కనీసం 12 ఏళ్లు, రైడింగ్ మోవర్‌కు 16 ఏళ్లు ఉండాలన్నది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా. రైడింగ్ మోవర్ మీద ఒళ్లో పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం, వెనక్కి చూడకుండా రివర్స్ చేయడం రెండూ ప్రాణాంతకం.

గాయమైతే

రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి పట్టాలి. తెలుగు రాష్ట్రాల్లో 108కు ఫోన్ చేయాలి. వేలు తెగిపడితే దాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెగిన భాగాన్ని నేరుగా ఐసు మీద పెట్టకూడదు.

కోసిన గడ్డిని ఏం చేయాలి?

పచ్చిగడ్డిలో ఎక్కువ భాగం నీరే, నత్రజని కూడా దండిగా ఉంటుంది. ఒక్కచోట కుప్ప పోస్తే వేడెక్కి కుళ్లి కంపు కొడుతుంది. ఎండుటాకులతో కలిపి పొరలుగా వేసి, వారానికోసారి తిరగేస్తే మంచి ఎరువవుతుంది. కలుపు మందు కొట్టిన పచ్చికను మాత్రం పశువులకు వేయకూడదు. సంచిలోనే రాత్రంతా వదిలేసిన, వేడెక్కిన గడ్డి కూడా మేతకు పనికిరాదు.

కాల్చేయడం నేరమే. తోట వ్యర్థాలను విడిగా ఉంచాలని, తగలబెట్టకూడదని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు పరిహారం వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ అదే ఏడాది డిసెంబరులో ఆదేశించింది.

అసలు ప్రతిసారీ సంచి అక్కర్లేదు కూడా. తరచూ కొద్దికొద్దిగా కోస్తుంటే, ఆ తుంపులను నేల మీదే వదిలేయొచ్చు. అవి త్వరగా కుళ్లి పచ్చికకు నత్రజని అందిస్తాయి. గడ్డి బాగా పెరిగినప్పుడు, తెగులు సోకినప్పుడు, కలుపు విత్తనాలు పట్టినప్పుడు, ఆటల మైదానంలోనూ సంచి వాడితే సరిపోతుంది. అయితే సంచి తీసిన రోజున మూత మూసి ఉండాలన్న నియమం మర్చిపోవద్దు.

సంచిని ఎప్పుడు మార్చాలి?

పని ముగిశాక సంచిని ఖాళీ చేసి, దులిపి, నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. వేడి సైలెన్సర్ పక్కన ఎండుగడ్డితో నిండిన సంచిని వదిలితే మంటలు రావొచ్చు. నెలకోసారి సంచిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కుట్లు విడినా, రాయి తగిలి చిల్లు పడినా, ఫ్రేము వంగినా కొత్తది కొనాలి.

తోటపని చాలా చోట్ల కాంట్రాక్టు కూలీల చేతిలో ఉంటుంది, మాన్యువల్ మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. సంఘాలు, బడులు చేయాల్సిన పనులు మూడే: పనివారికి బూట్లు, కళ్లద్దాలు ఇవ్వడం, చిరిగిన సంచి వెంటనే మార్చడం, యంత్రం ఆపే పద్ధతిని వారికి వచ్చిన భాషలో ఒకసారి చేసి చూపించడం. ఆ ఖర్చు ఒక ఆసుపత్రి బిల్లు ముందు ఏపాటిది?