చేతులు కడిగిన చరిత్ర



నేను జీవశాస్త్రము చదివినవాడను కాను. చిన్ననాట గురువుగారి యెదుట కూర్చుండి శబ్దమంజరితో మొదలిడి పంచకావ్యములు ముగించి, తరువాత ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పుకొని బ్రదికినవాడను. అట్టి నేను విద్యార్థుల జీవశాస్త్ర ప్రయోగశాలలో పాటింపవలసిన జాగ్రత్తలను గూర్చి ముచ్చటింప బూనుట మీకు వింతగా తోచవచ్చును. దీనికొక కారణము కలదు. అది నా తప్పిదమే కనుక ముందుగా దానినే విన్నవించెదను.

ఉద్యోగపు తుదినాళ్లలో ఒక ఉన్నత పాఠశాలయందు ప్రధానోపాధ్యాయుని బాధ్యత కొంతకాలము నాపై బడెను. పిల్లలకు రక్తపు గ్రూపులు పరీక్షించి చూపుటకై జీవశాస్త్రము చెప్పు ఉపాధ్యాయిని యొక పట్టిక వ్రాసి తెచ్చినది. తలకొక క్రొత్త సూది, చేతితొడుగులు, సబ్బు, బ్లీచింగు పొడి, వాడిన సూదులు వేయుటకు మూతగల డబ్బా. నిధి స్వల్పము. "అమ్మా, నలువది మందికి నలువది సూదులెందుకు? ఒక్కదానినే స్పిరిటుతో తుడుచుచు వాడిన చాలదా?" అని నేను సూదుల పద్దు కొట్టివేసితిని. ఆమె కోపగింపలేదు. "అయితే మాస్టారూ, ఈ ప్రయోగం నేను చేయించను. మీరు తీరిక చేసుకొని వియన్నా ఆసుపత్రి కథ ఒక్కసారి చదవండి" అని యొక పుస్తకము నా బల్లపై నుంచి వెడలినది. ఆ రాత్రి చదివిన కథయే నేటి నా ప్రసంగమునకు మూలము.

వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో ఆ కాలమున రెండు ప్రసూతి విభాగములుండెడివి. మొదటిదానిలో వైద్యవిద్యార్థులును, రెండవదానిలో మంత్రసానితనము నేర్చు స్త్రీలును పనిచేయుచుండిరి. 1846లో మొదటి విభాగమున నూటికి పదునొకండుగురకు పైగా తల్లులు సూతికాజ్వరముచే మరణింపగా, రెండవదాన మూవురైనను మరణింపలేదు. ఊరు ఒకటే, గాలి ఒకటే, ఆహార మొకటే. ఈ భేదమెట్లు కలిగినది? మొదటి విభాగమున సహాయకుడైన ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను హంగేరీ దేశపు యువవైద్యుని ఈ ప్రశ్న నిద్ర పోనీయలేదు.

1847 మార్చిలో అతని మిత్రుడగు కొలెచ్కా అను ఆచార్యుడు మరణించెను. శవపరీక్ష నేర్పుచుండగా ఒక విద్యార్థి చేతి కత్తి ఆయన వ్రేలికి తగిలినది. గాయము చిన్నది, ప్రాణము పోయినది. ఆయన శరీరమున గానవచ్చిన వికారములు సూతికాజ్వరముచే మరణించిన తల్లుల శరీరములలోని వికారములను పోలియుండెను. సెమ్మెల్‌వైసునకు తెర తొలగినట్లయినది. శవములను కోసిన విద్యార్థులు ఆ చేతులతోడనే ప్రసూతిశాలకు వచ్చుచున్నారు. మంత్రసానులు శవములను ముట్టరు. సబ్బుతో కడిగినను విద్యార్థుల చేతులను శవపు వాసన విడువలేదు. వాసన యున్నచో దానిని గలిగించు పదార్థమును ఉన్నట్లే గదా యని అతడు తర్కించెను. ఆ యేడు మే నెల నడుమ నుండి, ప్రసూతిశాలలో నడుగిడు ప్రతివాడును క్లోరినుగల ద్రావణముతో చేతులు కడుగుకొనవలెనని శాసించెను. ఆ ద్రావణము ఖరీదగుటచే తరువాత క్లోరినుపట్టించిన సున్నమును వాడిరి. అదియే మనము బావులలో చల్లు బ్లీచింగు పొడి! ఏప్రిలులో నూటికి పదునెనిమిదిగా నున్న మరణములు జూనునాటికి రెండింటికి దిగినవి. 1848లో రెండు నెలలు ఒక్క తల్లియు మరణింపలేదు.

సూక్ష్మజీవులే రోగకారకములని పాశ్చరు, కోఖు మొదలగువారు నిరూపించుట తరువాతి మాట. అందుచే ఎందరో పెద్దలు అతని మాట చెవినిడలేదు. తమ చేతులే తల్లులను చంపినవని యొప్పుకొనుట ఎవరికి మాత్రము సులభము? 1849లో అతని యుద్యోగము పొడిగింపబడలేదు. 1865లో ఒక పిచ్చాసుపత్రిలో గాయము చీముపట్టి అతడు కన్నుమూసెను.

ఇక తక్కిన కథలు సంగ్రహముగా చెప్పెదను. అమెరికాలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు, మందునీళ్లకు చేతులు పుండ్లుపడిన తన నర్సు కొరకు 1890 ప్రాంతమున రబ్బరు తొడుగులు చేయించెను. 1893లో ఫ్రాన్సున ఒక వైద్యుడు గాజుగొట్టముతో సన్నిపాతజ్వరపు క్రిములను నోట పీల్చబోయి మ్రింగి జబ్బుపడెను. అయినను నోటితో పీల్చు అలవాటు మానుటకు ఆరు దశాబ్దులకు పైబట్టినది. ఆ పని రోసి 1957లో జర్మనీలోని మార్బుర్గు నగరమున ష్నిట్గర్ అనునతడు బొటనవ్రేలితో నొక్కి పీల్చు సాధనమును నిర్మించెను. ఆ 1893లోనే బ్లూం అను వైద్యుడు ఫార్మలినుతో పనిచేయుచు తన వ్రేళ్లు గట్టిపడుట గమనించి, అది కణజాలమును చెడకుండ నిలుపునని కనుగొనెను. వ్రేలి హెచ్చరికను లోకము విద్యగా గైకొనెనే గాని జాగ్రత్తగా గైకొనలేదు. ఆ ఆవిరి క్యాన్సరును గలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారి నిపుణులు నిర్ణయించినది 2004లో! విద్యార్థి దానిని వారమున కొక గంట పీల్చును. సీసాలు కడుగు సేవకుడు దినమెల్ల పీల్చును.

ఈ కథలు చదువగా నాకొక సంగతి స్ఫురించినది. మా యింట మడి కట్టుట నేను పుట్టినది మొదలు ఎరుగుదును. మడి నన్ను ఇతరుల నుండి కాపాడుకొనుటకు. ప్రయోగశాలలోని శౌచము ప్రధానముగా ఇతరులను నా నుండి కాపాడుటకు. కత్తి పట్టినది విద్యార్థి, చచ్చినది గురువు. శవమును ముట్టినది విద్యార్థులు, చచ్చినది ఆ గది గడప ద్రొక్కని తల్లులు. సూది విషయమునను అంతియే. కామెర్లను గలిగించు హెపటైటిస్ బి క్రిమి, కంటికానని రక్తపు మరకలో సయితము ఏడు దినములు బ్రదికి యుండగలదట. నేను కొట్టివేసిన పద్దు నాకు మిగుల్చునది కొద్ది రూపాయలు. దాని మూల్యము చెల్లింపవలసినవాడు వరుసలో రెండవ పిల్లవాడు.

మరునాడు ఉదయమున ఆ ఉపాధ్యాయినిని పిలిచి, "అమ్మా, తప్పు నాది. వార్షికోత్సవపు పూలదండల పద్దు తీసివేసితిని. నీ సూదులు తెప్పించుము" అంటిని. ఆమె నవ్వి, "మాస్టారూ, సబ్బు మరచిపోకండి" అన్నది. ప్రయోగము జరిగినది. పిల్లలు వరుసగా నిలిచి చేతులు కడుగుకొనుట చూచితిని. ముందుగా నేనే కడుగుకొంటిని.

తల్లిదండ్రులారా, మీ పిల్లల ప్రయోగశాలలో పరికరములెన్ని యున్నవని యడుగుడు. దానికి ముందు నీటికుళాయి యున్నదా, సబ్బున్నదా, వాడిన సూది యెక్కడ వేయుదురు అని యడుగుడు. నావంటి పెద్దలు పద్దులు కొట్టివేయునపుడు, ఆ యుపాధ్యాయినివలె "చేయించను" అనగల వారికి అండగా నిలువుడు. సెలవు.