చెయ్యి పట్టి నేర్పేవాళ్లే మార్కులూ వేస్తే? టొలీడో టీచర్ల కథ

నేను సాఫ్ట్‌వేర్‌లో చేరిన కొత్తలో నా కోడ్ ఒక సీనియర్ చూసి ఓకే అంటే గానీ ముందుకెళ్లేది కాదు. మరి మొదటిసారి క్లాసులో అడుగుపెట్టే టీచర్‌కి? తలుపేస్తే లోపల ఏం జరుగుతుందో ఎవరికీ తెలీదు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం, టొలీడో ఊరు. అక్కడి టీచర్ల యూనియన్ ప్రెసిడెంట్ డాల్ లారెన్స్ 1970లలోనే ఒకటి అడిగారు: కొత్తవాళ్లకి నేర్పేదీ, వాళ్ల పని అంచనా వేసేదీ ప్రిన్సిపాల్ కాదు, మంచి సీనియర్ టీచర్లే అవ్వాలని. మేనేజ్‌మెంట్ ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి 1981లో ఒక మెలిక పెట్టింది: సరిగ్గా చెప్పలేకపోతున్న పాత టీచర్ల సంగతి కూడా మీరే చూడాలి. యూనియన్ అంటే ఉద్యోగాలు కాపాడేది కదా, ఆ లీడర్‌కి ఇదెంత కష్టమైన మాటో ఆలోచించండి. లారెన్స్ సరేనన్నారు.

ఎంపికైన సీనియర్లు మూడేళ్లు తమ క్లాసు వదిలి, కొత్తవాళ్ల క్లాసుల్లో కూర్చుని పాఠం చూస్తారు, ఎక్కడ తడబడ్డారో చెప్తారు, మళ్లీ వచ్చి చూస్తారు. తర్వాత సొంత క్లాసుకి వెళ్లిపోవాలి. అంటే బాస్‌లు అయిపోరన్నమాట. వాళ్ల రిపోర్ట్ బోర్డుకి వెళ్తుంది. ఇక్కడి లెక్క నాకు భలే నచ్చింది: బోర్డులో 9 మంది, యూనియన్ వాళ్లు 5, మేనేజ్‌మెంట్ వాళ్లు 4. నిర్ణయానికి 6 ఓట్లు కావాలి. ఏ పక్షమూ ఒంటరిగా నెగ్గలేదు.

ఒక్కటే నాకింకా గుచ్చుకుంటుంది. రిపోర్ట్ రాసేది కూడా ఆ సీనియరే అయితే, నిన్న క్లాసు నా చెయ్యి దాటిపోయిందండీ అని కొత్త టీచర్ మనసు విప్పి చెప్పగలరా? నేనైతే మొదటి ఏడాదిలో ఒక బగ్‌ని రెండు రోజులు దాచాను.